పాటునీటిలో లోపలికి రావద్దు

మొగపేట,
10 నవంబరు 2025

ఎజ్రాకు,

ఫోను కట్టేశాను. పాడవలేదు. ఫోనులో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, నువ్వు మళ్లీ చేస్తావు. చెప్పాల్సింది ఉంటే ఉత్తరం రాయి. కాగితం మీద ఎవరూ అరవలేరు.

అడిగినవాటికి జవాబులు. అన్నం నేనే వండుకుంటున్నాను. విజయనగరం ఇల్లు అద్దెకిచ్చాను. రిటైరైన ఫిజిక్సు లెక్చరరుకు ఆ ఊళ్లో ఎంత పనుందో ఇక్కడా అంతే. మీ నాన్నగారి ఇల్లు కారడం లేదు.

ఇక నావ సంగతి. ‘దీవెన’ మీ నాన్నగారు చేయించింది. సగం నీది, సగం మీ అక్కది. ఆమె సగం ఇప్పుడు నాది. భోగాపురం దగ్గర రిసార్టువాళ్లు దాన్ని పచ్చిక మీద పెట్టి దీపాలు కడతామంటే నువ్వు సరేనన్నావు. నా సగం అడ్డం వచ్చింది. అడ్డంగానే ఉంటుంది. తెరచాపతో నడిచే నావ ఈ రేవులో ఇదొక్కటే మిగిలింది. అది నీళ్లలో ఉండాలని మీ అక్క ఆసుపత్రిలో అంది. ఇంకేమీ అడగలేదు.

దాచడం ఇష్టం లేక ఇది కూడా రాస్తున్నాను. శుక్రవారం చిన్న పొరపాటు జరిగింది. నిండు పోటులో నావను గట్టు మీది సిమెంటు స్తంభానికి బిగించి కట్టాను. పాటు వచ్చాక మన ఉప్పుటేరు అడుగు కనిపించేదాకా ఎండిపోతుందని తెలుసు. తాడు ఎంత వదలాలో ఆలోచించలేదు. నీళ్లు దిగిపోయాయి, తాడు దిగలేదు. నేను వెళ్లేసరికి నావ ముక్కు గాలిలో ఉంది, వెనక భాగం బురదలో ఉంది. ఎండుచేపలమ్మే తవిటమ్మ గట్టు మీద నిలబడి, “ఏటి మాస్టారూ, నావకి ఉరేసినారేటి?” అని అందరికీ వినపడేలా అడిగింది. పక్కింటి గంగులు కత్తి తెచ్చి తాడు కోశాడు. పలకలకేమీ కాలేదు.

జ్ఞానానందం


సాలూరు,
17 నవంబరు

బావకు వందనాలు.

కాగితం మీద అరవలేరన్నావు. పెన్ను నొక్కి రాస్తన్నాను, కాగితం వెనక చేత్తో తడిమి చూడు.

లారీలు తిప్పుకుని బతికేవాణ్ని కూర్చోబెట్టి ఉత్తరాలు రాయిస్తన్నావు. నీ కవరు వస్తే మా ఆఫీసులో అందరూ కోర్టు నోటీసు అనుకున్నారు.

చిన్న పొరపాటా బావా? మా నాన్న ముప్పై ఏళ్లు కాపాడుకున్న నావని స్తంభానికి వేలాడదీసి చిన్న పొరపాటంటావేటి? కాలేజీలో ఏటి చెప్పేవాడివి పిల్లలకి? నీళ్లు దిగితే నావ దిగుతాదని ఏ క్లాసులో చెబుతారు?

రాసుకో. ఒక తాడు కాదు, రెండు. ముందొకటి, వెనకొకటి. రెండూ పొడుగ్గా వదలాలి. ఏరు ఎండినప్పుడు చెప్పులిప్పి లోనికి దిగి, నావ ఎక్కడ కూర్చోవాలో ఆ చోటంతా కాళ్లతో వెతుకు. రాయి ఉన్నాదా, మేకు ఉన్నాదా, ఎవడో పారేసిన లంగరు ఉన్నాదా చూడు. గట్టి ఇసక, చదునుగా ఉన్న చోటే కావాలి. రెండు పక్కలా ఊతకర్రలు కట్టు. మన లంగరు మన నావ కిందకే రాకుండా చూసుకో. ఇవన్నీ మా ఊళ్లో ఆడపిల్లలకి కూడా తెలుసు. అక్కకి తెలుసు.

ఇంకో మాట. అక్క నావని నీళ్లలో ఉంచమంది. నిన్ను ఉంచమనలేదు. నీకు ఈత రాదు.

మార్చిలో అక్క పోయి ఏడాది అవుతాది, ఆ జ్ఞాపకార్థ కూడిక వరకు చూస్తాను. ఈలోగా ఒక్క పలక విరిగినా నావ రిసార్టుకి వెళ్లిపోతాది. అప్పుడు నువ్వు సంతకం పెట్టాల. ఒప్పుకుంటే రాయి.

ఎజ్రా


మొగపేట,
9 డిసెంబరు

ఎజ్రాకు,

ఒప్పుకున్నాను.

నువ్వు చెప్పినట్టే ఏరు ఎండినప్పుడు దిగి వెతికాను. మూడు ఇనప మేకులు, ఒక రుబ్బురోలు దొరికాయి. రోలు ఎవరిదని అడిగితే నలుగురు వచ్చారు. వాళ్ల తగువు ఇంకా తెమల్లేదు.

చోటు బాగుచేశాక నావను అక్కడ కూర్చోబెట్టాను. కూర్చుంది. తర్వాత నెమ్మదిగా ఏటివైపు ఒరిగింది. ఆ వైపు ఊతకర్ర బురదలోకి దిగబడింది. పోటు మళ్లీ వచ్చినప్పుడు నీళ్లు ముందుగా అంచు దాటి లోపలికి వచ్చాయి, ఆ తర్వాత గాని నావ లేవలేదు. నాలుగు గంటలు తోడాం. గంగులు తన బకెట్టు పట్టుకుని ఇంటికి పోయాడు. పలకలు బాగానే ఉన్నాయి.

ఒకటి అడుగుతాను. నావ వదిలేయమని నువ్వే అంటావు. ఉత్తరం నిండా నావను ఎలా చూసుకోవాలో రాస్తావు. ఏదో ఒకటి తేల్చుకో.

జ్ఞానానందం


సాలూరు,
15 డిసెంబరు

బావా,

తేల్చుకోవలసింది నేను కాదు. గట్టువైపు నాలుగు ఇసక బస్తాలు వెయ్యి. అప్పుడు నావ గట్టుకే ఆనుకుంటాది, ఏటివైపు ఒరగదు. ఊతకర్ర కింద చెక్క ముక్క పెట్టు, దిగబడదు. పోటు ముందు గంట ఉండగా నావని అటూ ఇటూ ఊపి బురద వదిలించు, లేకపోతే నీళ్లెక్కినా అది లేవదు.

సముద్రంలోకి కూడా వెళ్తన్నావని తవిటమ్మ కోడలు నాకు ఫోను చేసి చెప్పింది. నువ్వు రాయలేదు. వెళ్తే ఇది ఒక్కటీ గుర్తుంచుకో, మిగతా అన్నీ మర్చిపోయినా పర్లేదు. ఏరు సముద్రంలో కలిసే మొగ ఉన్నాది చూడు, పాటునీటిలో ఆ మొగ లోపలికి రావద్దు. నీళ్లు బయటికి పోతన్నప్పుడు మొగలో ఇసక తగిలితే, నిన్ను ఎత్తడానికి వెనక నీళ్లుండవు. అలలు మాత్రం ఉంటాయి. నావ అడ్డం తిరుగుతాది, అయిపోతాది. ఎంత అర్జంటైనా బయటే లంగరేసి పోటు కోసం ఆగు. పోటులో తగిలితే పర్లేదు, పావుగంటలో అదే లేపుతాది.

క్రిస్మస్‌కి సాలూరు రా. రానంటావని తెలుసు. అయినా రాస్తన్నాను.

ఎజ్రా


మొగపేట,
6 ఫిబ్రవరి 2026

ఎజ్రాకు,

క్రిస్మస్‌కి రానందుకు ఇంకా కోపంగా ఉన్నావని విన్నాను. ఈ ఉత్తరం చదివాక ఆ కోపం మర్చిపోతావు.

జనవరిలో గంగులు నేనూ పదకొండుసార్లు బయటికి వెళ్లొచ్చాం. తెరచాప ఎత్తడం, దించడం, చుక్కాని పట్టడం వచ్చాయి. పాటులో ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. విశాఖ పోర్టు వేసే పోటుపాట్ల పట్టిక తెప్పించుకున్నాను. మన మొగలో నీళ్లు దానికంటే ముప్పావుగంట ఆలస్యం. ఇరవై రోజులు కర్రకు గీతలు పెట్టి చూసి తేల్చాను. పని జరుగుతుండగా తవిటమ్మ, “నీళ్లకి కూడా అటెండెన్సు ఏస్తన్నావా మాస్టారూ?” అంది.

సోమవారం ఉదయం నీళ్లు ఎన్నడూ లేనంతగా వచ్చాయి. నావను పైకి, రోడ్డు పక్కన మెత్తటి ఇసక మీదికి ఎక్కించాను. అక్కడైతే ప్రవాహం తగలదు, మరబోట్లు రాసుకోవు. మంచి చోటు దొరికిందని సంతోషించాను. గంగులు ఆ రోజు శ్రీకూర్మం వెళ్లాడు.

ఆ రాత్రి నుంచి ఇప్పటివరకు నీళ్లు నావ దాకా రాలేదు. రోజూ జానెడు జానెడు కిందే ఆగిపోతున్నాయి. గంగులు తిరిగొచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. “పున్నమి నీటికి ఎక్కించీసినావా? అంతెత్తు నీళ్లు పున్నమికీ అమాసకే వస్తాయి గదా. ఇప్పుడది అమాసకి గాని దిగదు. ఇంట్లో కేలండరు లేదేటి మాస్టారూ?”

ఉంది. చర్చి సంఘం వాళ్ల కేలండరు. రోజుకో వాక్యం ఉంటుంది. తిథులుండవు. పోర్టు పట్టికలో నేను వేళలే చూశాను, నీటి ఎత్తులు చూడలేదు.

నావ క్షేమంగా ఉంది. పన్నెండు రోజులు కదలదు, అంతే.

జ్ఞానానందం


సాలూరు,
10 ఫిబ్రవరి

బావా,

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా డ్రైవర్లు నవ్వినారు. పున్నమికి ఎక్కించి అమావాస్య దాకా కాపలా కూర్చున్నవాడి కథ సాలూరు స్టాండు అంతా తెలిసిపోయింది.

మా ఇంట్లో తిథుల కేలండరు గోడకి ఉండేది. మా నాన్న సంఘంలో పెద్ద, డీకన్. అయినా ఉండేది. అందులో రాహుకాలం ఎవరూ చూసేవాళ్లు కాదు, పున్నమి అమావాస్యలు చూసేవాళ్లు. అది ఏమైంది?

నేను ఇప్పుడు రాసేది నీకు నచ్చదు. నావ రోడ్డు పక్కనే ఉన్నాదన్నావు. రిసార్టువాళ్లకి చెప్పేశాను. ఏటిలో ఉంటే క్రేను రాదు, ఇప్పుడైతే వస్తాదన్నారు. పదహారో తారీకున చూడ్డానికి వస్తారు. పలక విరగలేదు కాబట్టి మాట ప్రకారం నువ్వు కాదనొచ్చు. కానీ వాళ్లు చెప్పేది విను. నీకు అరవై రెండేళ్లు. ఈత రాని మనిషివి సముద్రం మీద ఉంటే సాలూరులో నాకు అన్నం ఎలా దిగుతాదో చెప్పు. అక్కని పోగొట్టుకున్నది నువ్వొక్కడివే కాదు.

ఎజ్రా


మొగపేట,
20 ఫిబ్రవరి

ఎజ్రాకు,

వాళ్లు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. కరెంటు తీగలకు తగలకుండా తెరచాప కొయ్యను సగానికి కోయాలన్నారు. పచ్చిక మీద నిటారుగా నిలవడానికి అడుగు చెక్కి చదును చేస్తామన్నారు. లోపల మట్టి పోసి పూలమొక్కలు వేస్తారట. పటం గీసి తెచ్చారు, చూపించారు. టీ ఇచ్చి పంపేశాను. నీకు ఈ వివరాలు చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పి ఉంటే మనం ఇంకో రకంగా మాట్లాడుకోవాలి.

పద్దెనిమిదిన నావ దిగింది. నీళ్లు వచ్చినా జానెడు తక్కువయ్యాయి. ముందు రోజే గంగులు నాచేత కాలువ తవ్వించాడు, అది పనికొచ్చింది. ఊరంతా తోసింది. తవిటమ్మ తాడు పట్టి లాగుతూ, “ఒరే గంగులూ, మాస్టారుని పక్కకి తప్పించరా, లేపోతే ఆయన్నీ ఎక్కించి మళ్లీ దింపాల” అంది. తప్పుకున్నాను.

కేలండరు గురించి అడిగావు. నేనే తీసేశాను, జూన్‌లో ఇక్కడికి వచ్చిన రోజు. ఉత్త మూఢనమ్మకం అనుకున్నాను. పెళ్లయిన కొత్తలో మీ అక్క అలాంటిదే ఒకటి విజయనగరంలో వంటింటి గోడకు పెట్టింది. ఎందుకన్నాను. “మా ఊళ్లో ఇప్పుడు పోటో పాటో తెలుస్తాదండీ” అంది. విజయనగరంలో కూర్చుని అది తెలుసుకుని ఏం చేస్తావన్నాను. తీసేసింది. మళ్లీ ముప్పై మూడేళ్లు పెట్టలేదు.

నిన్న బజారుకు వెళ్లి ఒకటి కొన్నాను.

జ్ఞానానందం


సాలూరు,
5 మార్చి

బావా,

అడుగు చెక్కుతామని వాళ్లు నాకు చెప్పలేదు. మొక్కల సంగతీ చెప్పలేదు. రిసార్టు మేనేజరుకి ఫోను చేసి అడిగాను. “మరి నిలబడొద్దా సార్?” అన్నాడు. పెట్టేశాను. నువ్వు నా ఫోను ఎలా పెట్టేస్తావో అలాగ.

అయినా నావ ఏదో ఒకటి అవ్వాల. వాళ్లు కాకపోతే ఇంకొకరు, అడుగు చెక్కకుండా పెట్టుకునేవాళ్లు. ఇలా తాళ్లు, బస్తాలు, ఉత్తరాలతో ఎన్నాళ్లు? ఒకటి చేద్దాం. మార్చి ఇరవైన కూడిక. ఇంటి ముందు ఒడ్డున షామియానా వేయిస్తన్నాను. పాస్టరుగారు పదిన్నరకి మొదలెడతామన్నారు. ఆ రోజు పొద్దున్న పోటులో నువ్వు మొగ దాటి వెళ్లు. నీళ్లు దిగకముందే తిరిగొచ్చి, నా కళ్ల ముందు నావని ఇసక మీద కూర్చోబెట్టు. చెక్కకి గీత కూడా పడకూడదు. చేశావంటే నా సగం నీకు రాసి ఇచ్చేస్తాను, మళ్లీ నోరెత్తను. చేయలేకపోతే నేను చెప్పిన చోటికి నావ వెళ్తాది, నువ్వు సాలూరు వస్తావు.

తొమ్మిదిన్నరకల్లా ఒడ్డున ఉండాల. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకో.

ఎజ్రా


మొగపేట,
22 మార్చి

ఎజ్రాకు,

నువ్వు మూడింటికే వెళ్లిపోయావని తవిటమ్మ చెప్పింది. వెళ్లేముందు నన్ను ఏమన్నావో కూడా చెప్పింది. రెండుసార్లు చెప్పింది. అందుకే జరిగింది రాస్తున్నాను. సంజాయిషీ కాదు.

ఏడింటికి పోటులో మొగ దాటాం. నేల మీంచి సముద్రంవైపు గాలి బాగా ఉంది. అరగంటలో చాలా దూరం వెళ్లాం. ఎనిమిదిన్నరకు వెనక్కి తిప్పేసరికి గాలి పడిపోయింది. తెరచాప గుడ్డలా వేలాడింది. తెడ్లు వేశాం. గంగులుకు అరవై ఎనిమిదేళ్లు, నా సంగతి నీకు తెలుసు. మొగ దగ్గరికి చేరేసరికి పదీ నలభై. గంటసేపటి నుంచి పాటు నడుస్తోంది. నీళ్లు బయటికి తోసుకొస్తున్నాయి. ఇసకదిబ్బ మీద అలలు నిలబడి విరుగుతున్నాయి. ఒడ్డున షామియానా, కుర్చీలు, తెల్లబట్టలు అన్నీ కనిపిస్తున్నాయి.

“మాస్టారూ, నడుం లోతు నీళ్లున్నాయి. రిస్కు సేద్దామా? ఏడాది కూడిక కదా” అన్నాడు గంగులు. లంగరు వేయమన్నాను.

అప్పుడు నువ్వు పాస్టరుగారి చేతిలోంచి మైకు లాక్కున్నావు. “బావా! నీళ్లున్నాయి, వచ్చెయ్! అందరూ చూస్తన్నారు!” అన్నావు. నాలుగుసార్లు అన్నావు. నాలుగూ వినపడ్డాయి. చేయి ఊపాను. వస్తున్నానని నువ్వు అనుకున్నావేమో. రానని ఊపాను.

రావాలని లేక కాదు. నావను కాపాడటం రాకపోతే అది నా దగ్గర ఉండకూడదు. తొందరపడి కూడికకు వచ్చి, దాన్ని మొగలో విరగ్గొట్టుకుంటే, మీ అక్క ముందు ఏ మొహంతో కూర్చోను? ఒప్పందం ప్రకారం ఓడిపోయానని తెలుసు. తొమ్మిదిన్నరకు ఒడ్డున లేను.

కూడిక అంతా మైకులో విన్నాను. పాట రెండో చరణంలో శ్రుతి తప్పింది. పాస్టరుగారు మీ అక్క పుట్టిన సంవత్సరం తప్పు చెప్పారు. నువ్వు మాట్లాడటం మొదలుపెట్టి ఆపేశావు. గంగులు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చివరి ప్రార్థనకు తల వంచి చాలాసేపు కళ్లు మూసుకున్నాను గాని అది మాత్రం వినపడలేదు. కరెంటు పోయిందేమో.

తర్వాత గంగులు నిద్రపోయాడు. నేను లంగరు తాడు చూస్తూ కూర్చున్నాను. సెలవులకు వచ్చినప్పుడల్లా మీ అక్క, ఒక్కసారి నావెక్కండి, మొగ దాకా వెళ్లొద్దాం అనేది. నాకు పేపర్లు దిద్దడం ఉండేది. ఆ రోజు ఏడు గంటలు నావలో కూర్చున్నాను. దిద్దడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచింది. ఐదున్నరకు పోటులో లోపలికి వచ్చాం. దిబ్బ మీద ఒకసారి ఇసక తగిలింది. చుక్కాని పట్టుకుని ఆగాను. రెండు అలలు దాటాక నీళ్లే లేపి లోపలికి నెట్టాయి. గట్టి ఇసక మీద, గట్టువైపు బస్తాలతో కూర్చోబెట్టాను. గీత పడలేదు. చూడ్డానికి నువ్వు లేవు.

మీవాళ్లు తెచ్చిన పులావు తవిటమ్మ దాచి పెట్టింది. తిన్నాను.

నావ ఎక్కడికి పంపాలో రాయి. అడుగు చెక్కనివాళ్లైతే చాలు.

జ్ఞానానందం


సాలూరు,
28 మార్చి

బావా,

ఒడ్డున నూట ఇరవై మందిని షామియానా కింద కూర్చోబెట్టి, పెళ్లాం కూడికకి మొగుడు సముద్రంలో లంగరేసి కూర్చోవడం మన సంఘం పుట్టాక ఎవరూ చూడలేదు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

నీ ఉత్తరం వచ్చాక మళ్లీ ఒక రోజు కోపంగా ఉన్నాను. ఈసారి నీ మీద కాదు.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు నావ ఎడమవైపు మూడు పలకలు పోయాయి. గాలివానకి పోయాయని మా నాన్న ఊళ్లో చెప్పాడు. గాలివాన లేదు. క్రిస్మస్ ఆరాధనకి ఆలస్యమవుతాదని పాటులో మొగలోకి నేనే తెచ్చాను. ఒడ్డు కనిపిస్తన్నాది, నీళ్లు కనిపిస్తన్నాయి, వచ్చెయ్యొచ్చు అనుకున్నాను. నావ అడ్డం తిరిగింది. అక్క ఈదుకుంటూ వచ్చి నన్ను జుట్టు పట్టుకుని లాగింది. తర్వాత నేను చుక్కాని ముట్టలేదు. లారీలకి వచ్చేశాను. ఈ సంగతి నీకు అక్క చెప్పలేదని ఇన్నాళ్లూ అనుకుంటన్నాను. చెప్పలేదు కదా?

ఇన్నేళ్ల తర్వాత మైకు పట్టుకుని అదే తప్పు నీచేత చేయించబోయాను. నువ్వు వినలేదు. నేను రాసిన మాటే నా మీద పెట్టి గెలిచావు.

నా సగం రాసిచ్చిన కాగితం ఇందులో ఉంది. రెండు సాక్షి సంతకాలున్నాయి, ఇద్దరూ మా డ్రైవర్లే. ఇస్త్రీ చొక్కా సంగతి మాత్రం మర్చిపోను, నువ్వు బనియనుతో చేయి ఊపడం అందరూ చూశారు.

చివరి ప్రార్థన వినపడలేదన్నావు. కరెంటు పోలేదు. ముందు వరసలో నీ కుర్చీ ఖాళీగా ఉంటే పాస్టరుగారు భర్త ఇంకా అక్కడే ఉన్నారా అని మెల్లగా అడిగారు. అదిగో అని చూపించాను. ఆయన మైకు స్టాండుకి వదిలేసి నీళ్ల దాకా నడిచారు. అందరూ లేచి వెనకే వెళ్లారు. నీ వైపు తిరిగి నిలబడి ప్రార్థన చేశారు. నీళ్ల మీంచి ఎండ సూటిగా కళ్లలో కొట్టింది, అందరికీ కళ్లు నీళ్లు కారాయి. నీ వల్లే.

ఎజ్రా